కార్తీకంలో పాముల్ని లెక్కపెట్టినవాడు

అతను పోయాడన్న కబురు కాలేజీ అటెండరు సైకిలు మీద తెచ్చాడు. మా ఆవిడ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, సంగతి విని, గడప మీద కూలబడి ఏడ్చింది. గట్టిగానే ఏడ్చింది. పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చి ముందు నన్ను వెతికారు, నాకే ఏదో అయిందనుకుని. నేను నిక్షేపంలా నిలబడి ఉండటం చూసి తికమకపడ్డారు. నేను పోయిన రోజు ఈవిడ ఇంతలా ఏడుస్తుందా అన్నది ఆ పూట నా బుర్రలోకి వచ్చిన మొదటి ఆలోచన. దుఃఖం ఆ తర్వాత వచ్చింది.

పేరు రాయను. రాస్తే ఊళ్ళో సగం మంది, "అయ్యో, ఆయన మాకు బాగా తెలుసండీ, మా ఇంటికి వచ్చేవారండీ" అంటారు. ఆ మాట వినే ఓపిక నాకు లేదు. విశాఖపట్నంలో పాముల మేస్టారంటే అతనే. నేనూ పాముల మేస్టారినే. ఇద్దరం ఒకే ఏడు, ఒకే కాలేజీలో, ఒకే జువాలజీ డిపార్టుమెంటులో చేరాం. ఒకే బీరువాని పంచుకున్నాం. అయినా ఎవరింట్లో పాము దూరినా కబురు అతనికే వెళ్ళేది. అతను ఊళ్ళో లేకపోతే అప్పుడు నాకు.

పోయాడని ఎవరికి చెప్పినా ముందు అడిగేది, "పాము కరిచిందా?" అనే. కాదు, గుండె. రిటైరు కాకుండానే పోయాడు. పాము కరిచి పోయి ఉంటే ఇంకా ఎంత పేరొచ్చేదో, ఆ పేరొక్కటీ రాలేదు.

అతనిదీ నాలాగే వ్యవసాయ కుటుంబం. విజయనగరం దాటాక ఒక పల్లె. నేను ఈ ఊరొచ్చాక కష్టపడి మాట మార్చుకున్నాను. 'నాను' అనబోయి 'నేను' అనుకుంటూ, 'ఏటి' అనబోయి నాలిక కరుచుకుంటూ, రెండు మూడేళ్ళు అవస్థపడి పుస్తకాల భాష పట్టుకున్నాను. అతను అక్షరం మార్చుకోలేదు. క్లాసులోనూ అదే మాట, కలెక్టరాఫీసులోనూ అదే మాట. తీరా చూస్తే అందరికీ ముద్దొచ్చింది అతని మాటే. నా పాఠం విని నోట్సు రాసుకునేవారు. అతని పాఠం విని ఇంటికెళ్ళి అమ్మకి చెప్పేవారు.

కుర్చీలో సరిగ్గా కూర్చోగా నేను చూడలేదు. బల్ల అంచు మీద కూర్చుని కాళ్ళు ఊపేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక కుబుసం ముక్క ఉండేది. మాట వెతుక్కునేటప్పుడు దాన్ని తీసి రెండు వేళ్ళ మధ్య మెల్లగా లాగేవాడు, ఆడవాళ్ళు పూలదండ ముడి సవరించినట్టు. అది చూస్తూ ఎదుటివాళ్ళు కూడా మాట మరచిపోయేవారు. అప్పుడు అతను చెప్పిందే మాట అయ్యేది.

మగవాళ్ళందరూ అతనికి బావలే. నన్ను బావా అన్నందుకు వరస కలిపి మా ఆవిడ చెల్లెలైపోయింది. చెల్లెలయ్యాక వీధి గుమ్మం ఎందుకు, పెరటి గుమ్మంలోంచి నేరుగా వంటింట్లోకే వచ్చేవాడు. "సెల్లమ్మా, ఏటి వండినావు?" అని గిన్నె మూత తీసేవాడు. చేపల పులుసైతే మూత మళ్ళీ పెట్టేవాడు కాదు. "మీ బావగారు ఏది పెట్టినా మాటాడకుండా తినేస్తారన్నయ్యా, మీరైతే బావుందో లేదో సెప్తారు" అనేది మా ఆవిడ. బాగుంది గనకే మాట్లాడకుండా తింటున్నానని ఇన్నేళ్ళలో ఆవిడకి తట్టలేదు.

పిల్లలు అతన్ని ఒక ప్రశ్న తప్పకుండా అడిగేవారు. జెర్రిపోతు నాగుపాముకి మొగుడట కదా మేస్టారూ, అని. మా ప్రాంతంలో ఆ నమ్మకం గట్టిది. నేనైతే రెండూ వేర్వేరు జాతులని, జత కట్టవని, బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేవాణ్ణి. అతను గంభీరంగా మొహం పెట్టి, "అలగైతే జెర్రిపోతు పెళ్ళాం ఏటైపోవాలిరా? దానికి అన్నాయం సెయ్యకండి" అనేవాడు. క్లాసు ఘొల్లుమనేది. ఆ తర్వాత పరీక్షలో అందరూ సరిగ్గానే రాసేవారు. ఆ ప్రశ్నకి నా బొమ్మ ఎవరికీ గుర్తుండేది కాదు.

పాము చర్మాలు విదేశాలకు పంపకూడదని నిషేధం వచ్చిన కొత్తలో, పోర్టులో కస్టమ్సువాళ్ళు కొన్ని పెట్టెలు పట్టుకున్నారు. పైన చింతపండు, అడుగున చర్మాలు. ఏ చర్మం ఏ పాముదో చెప్పమని మా కాలేజీకి కబురు చేస్తే ఇద్దరం వెళ్ళాం. గోదాములో ఉప్పు వాసన, కలరా ఉండల వాసన, చింతపండు పులుపు కలిసి గుప్పుమన్నాయి. నేను ముక్కుకి రుమాలు కట్టుకుని ఒక్కొక్క చర్మం చూసి శాస్త్రీయ నామాలు చెప్పాను. ఒక్కటి కూడా తప్పు పోలేదు. ఆఫీసరు రాసుకున్నాడు. అతను మాత్రం నేల మీద గొంతుకూర్చుని, ఒక జెర్రిపోతు చర్మాన్ని తన ముంజేతి మీద పరుచుకుని, చేత్తో నిమురుతూ ఉండిపోయాడు.

"ఇది బతికుండుంటే ఈ ఏడు ఎన్ని ఎలకల్ని తిందునో బావా" అన్నాడు ఆఫీసరుతో. "మా నాన్న సేలో గట్లన్నీ ఎలకలే. ధాన్యం అవి తింతన్నాయి, జెర్రిపోతుల్ని బెల్టులు తింతన్నాయి. మేం ఏటి తినాల?"

ఆఫీసరు రాయడం ఆపి అతని వైపు తిరిగాడు. మాకిద్దరికీ టీ తెప్పించాడు గానీ మాట్లాడిందంతా అతనితోనే. పేర్లన్నీ చెప్పిన నేను పెట్టె మీద కూర్చుని టీ తాగాను. ఒళ్ళు మండింది. ఆ మంట అప్పటికే నాకు పాత చుట్టం.

ఆ తర్వాతే అసలు పని వచ్చింది. ఎగుమతి ఆగింది గానీ దేశంలో అమ్ముకోవడానికి లైసెన్సులు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. ఉగాదిలోపు వాటిని మళ్ళీ ఇవ్వాలో వద్దో అటవీశాఖ తేల్చాలి. వాళ్ళకున్నది ఒక జీపు, కొద్దిమంది గార్డులు. అన్ని పాముల్నీ ఒకేసారి కాపాడలేం, ముందు దేన్ని కాపాడాలో, దేని లైసెన్సు ఆపాలో వరస చెప్పండి అని మమ్మల్నిద్దర్నీ అడిగారు. మాఘంలో మీటింగు. మేం చెప్పే వరస మీద ఏ పాము బతకాలో ఉంది. నామటుకు నాకు ఇంకోటి కూడా ఉంది. జీవితంలో ఒక్కసారైనా, నలుగురి ముందు, నేను అతని కంటే ముందు నిలబడాలి.

నా ఓటు కొండచిలువకి. నా పరిశోధన దాని మీదే. నెమ్మదిగా పెరుగుతుంది, నెమ్మదిగా కదులుతుంది, సింహాచలం కొండల్లో అప్పటికే అరుదైపోయింది. అతని ఓటు జెర్రిపోతుకి, దాని తర్వాత చెరువుల్లో తిరిగే నీరుకట్టెకి. ల్యాబులో బల్ల మీద కూర్చుని కాళ్ళు ఊపుతూ అడిగాడు.

"ఇంటికి అగ్గంటుకుందనుకో బావా. ముందు దేన్ని బయటికి తెత్తావు?"

"విలువైనదాన్ని" అన్నాను.

"కాదు బావా. నడవలేనోల్లని."

"అదే నేనూ అంటున్నాను. కొండచిలువ కంటే నడవలేనిది ఏది?"

కుబుసం ముక్క ఒకసారి వేళ్ళ మధ్య లాగాడు. "నీ కొండసిలువకి నువ్వున్నావు. దాని బొమ్మ కేలండర్ల మీదున్నాది. సట్టంలో కూడా దానికో సోటున్నాది. నాగుపాముకి పుట్టలున్నాయి, పాలున్నాయి. జెర్రిపోతుకెవులున్నారు సెప్పు?"

నా దగ్గర జవాబు లేక కాదు, చాలానే ఉన్నాయి. కానీ అక్కడున్న ట్యూటర్లు ఇద్దరూ అప్పటికే "వాహ్" అన్నారు. అలా అన్నాక ఇంకేం చెప్పినా పిడివాదంలా ఉంటుంది.

వరస ఊహించి చెప్పకూడదు, లెక్క కావాలి కదా. గోపాలపట్నంలో లైసెన్సున్న వ్యాపారి ఒకాయన గోడౌన్ ఉంది. శ్రీకాకుళం నుంచి ఇటు తుని దాకా పట్టిన పాముల చర్మాలు అక్కడికే చేరతాయి. దసరా సెలవులు, ఆ వెంటనే పరీక్షలు అయ్యాక మాకు తీరిక దొరికింది. వ్యాపారి తలుపులు బార్లా తెరిచి, "రండి మేస్టారూ, మీ ఇట్టం వచ్చినట్టు లెక్కెట్టుకోండి, మా దగ్గర దాపరికం ఏటుంది" అన్నాడు. నాకు గాజు గ్లాసులో టీ ఇచ్చి అతనికి కప్పూ సాసరూ ఇచ్చాడు. అంత చిన్న విషయం ఇప్పటిదాకా గుర్తుండటం నాకే సిగ్గుగా ఉంది. అయినా గుర్తుంది.

లెక్క అతనిది. నేను తోడు వెళ్ళేవాణ్ణి. రోజూ మధ్యాహ్నం క్లాసు కాగానే వెళ్ళి, ఆ రోజు వచ్చిన చర్మాలు విప్పి, జాతి చూసి, మళ్ళీ చుట్టేవాడు. జెర్రిపోతులు కుప్పలు, నీరుకట్టెలు కుప్పలు, కొండచిలువలు అడపాదడపా. నాగుపాములు దాదాపు లేవు. చలికాలం మొదలైంది గనక పాములు తక్కువగా తిరుగుతాయని, ఆ మేరకి లెక్క సవరించాలని ఇద్దరం పెద్ద శాస్త్రజ్ఞుల్లా చర్చించుకున్నాం. ఆఖరికి అతను వరస తయారుచేశాడు. జెర్రిపోతు, నీరుకట్టె, కొండచిలువ, అన్నిటికంటే అడుగున నాగుపాము. నాగుపాము చర్మానికి వ్యాపారమే లేదు కాబట్టి దాని లైసెన్సు ఆపినా ఒకటే, ఆపకపోయినా ఒకటే అని తేలింది. వ్యాపారి అది విని ఇద్దరికీ ఇంకోసారి టీ ఇచ్చాడు.

తర్వాత నెల ఒక ఆదివారం నేనొక్కణ్ణే గోపాలపట్నం వెళ్ళాను. కొండచిలువ చర్మాల కొలతలు కొన్ని కావాలి నాకు. ఎలాగైనా దాన్ని వరసలో పైకి తేవాలన్న పట్టుదల. వ్యాపారి లేడు, గుమాస్తా ఉన్నాడు. లోపలికెళితే దండేల మీద వరసగా నాగుపాము చర్మాలు వేలాడుతున్నాయి. పడగ దగ్గర వెడల్పుగా, కిందికి సన్నగా. ఒకదాని పక్కన ఒకటి, గోడ చివరిదాకా.

"ఇవెక్కడివి? మొన్నటిదాకా లేవే?" అన్నాను.

గుమాస్తా నన్ను విచిత్రంగా చూశాడు. "నెల ఎల్లిపోయింది గదండీ."

"ఏ నెల?"

"కార్తీకమండీ. కార్తీకంలో నాగుబాముని ఎవులు ముట్టుకుంటారండీ? పాములోల్లు కూడా పట్టరు. పుట్ట దగ్గిర కనబడితే ఊరోల్లు సితక్కొట్టీరూ?"

అప్పుడు వెలిగింది. ఆ నెల నాగులచవితి నాడు మా ఆవిడతో పుట్ట దగ్గరికెళ్ళి నేనే చలిమిడి, చిమ్మిలి పెట్టి వచ్చాను. అతను కూడా తెల్లవారుజామున పుట్టలో పాలు పోసి, నుదుట పుట్టమన్ను బొట్టుతోనే మధ్యాహ్నం గోడౌన్‌కి వచ్చాడు. ఆ బొట్టుతోనే కూర్చుని నాగుపాములు లేవని లెక్క రాశాడు. చలిని లెక్కలో వేసుకున్నాం. పండగని వేసుకోలేదు. ఇద్దరం పండగ చేసుకుని మరీ మరిచిపోయాం. వ్యాపారి తలుపులు అంత బార్లా ఎందుకు తెరిచాడో కూడా అప్పుడే తెలిసింది.

ఆ రోజు సిటీ బస్సులో నిలబడే వచ్చాను గానీ పల్లకీలో వచ్చినట్టుంది. తప్పు అతనిది, కనిపెట్టింది నేను. మాఘంలో, మీటింగులో, అందరి ముందూ లేచి చెప్పబోతున్నాను. ఇంటికి రాగానే మా ఆవిడకి చెప్పాను. ఆవిడ బుగ్గన వేలేసుకుని, "మీరే కనిపెట్టేరా?" అంది. ఆ "మీరే"లో ఉన్న ఆశ్చర్యం నాకు నచ్చకపోయినా, ఆనందంలో పట్టించుకోలేదు.

మీటింగు అటవీశాఖ ఆఫీసులో. పెద్ద ఆఫీసరు కృష్ణా జిల్లా మనిషి, మర్యాదస్తుడు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు అన్న బాపతు. వరండాలో వ్యాపారులు బెంచీ మీద కూర్చున్నారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెప్పవలసిన మాటలు మనసులో వల్లెవేసుకుంటూ కూర్చున్నాను. ముందు అతన్ని పిలిచారు. అతని లెక్క చదవడం, నేను లేచి దాన్ని పడగొట్టడం, ఇదీ నా కార్యక్రమం.

అతను లేచి జేబులో చెయ్యి పెట్టి కుబుసం తీశాడు.

"సార్, నా లెక్క పనికిరాదండి" అన్నాడు. "కార్తీకంలో లెక్కెట్టినాను. కార్తీకంలో మావోల్లు నాగుబాముని పట్టరు. నానే ఆ నెల పుట్టలో పాలోసినాను, అయినా నాకు తట్టలేదు. నెల దాటాక ఆ గోడౌన్లో నాగుబాములు దండేలకి దండేలున్నాయంట. ఈ తప్పు కనిపెట్టింది నాను కాదండి. అదిగో, మా బావ. ఆయన ఆదివారం పూట కూడా ఎల్లి సూసినాడు, నానెల్లలేదు. నాగుబాము లైసెన్సు ఇప్పుడిచ్చెత్తే పాపం నాకే సుట్టుకుంటాది. మల్లీ వానాకాలంలో లెక్కెడతాం. అందాకా ఆపండి."

నేను తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయాను. నా మాట, నా ఆదివారం, నా దండేలు, అన్నీ అతని నోట్లోంచి వచ్చాయి. ఎవరు చెప్పారో వేరే అడగాలా. పెరటి గుమ్మంలోంచి వచ్చి గిన్నె మూత తీస్తుంటే, మా ఆవిడ మొగుడి గొప్ప చెప్పుకోవాలని, "మీ బావగారు ఏటి కనిపెట్టేరో తెల్సా అన్నయ్యా" అని మొదలుపెట్టి ఉంటుంది.

ఆఫీసరు కళ్ళజోడు తీశాడు. "నా సర్వీసులో తన తప్పు తనే లేచి చెప్పిన మనిషిని ఇప్పుడే చూశాను" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "మీ స్నేహితుడు ఎంత నిజాయితీపరుడండీ! మీరు అదృష్టవంతులు. మీరేమైనా చెబుతారా?" అని అడిగాడు.

"అదే చెప్పబోతున్నాను సార్" అన్నాను.

అందరూ నవ్వారు. నవ్వాల్సిందేముందో నాకు ఇప్పటికీ తెలియదు.

నాగుపాము లైసెన్సులు ఆపారు. జీపునీ గార్డుల్నీ ముందుగా జెర్రిపోతు మీద పెట్టారు. నా కొండచిలువ మూడో స్థానంలోనే ఉండిపోయింది. ఆ వానాకాలం గార్డులు పట్టుకున్న చర్మాలు మళ్ళీ లెక్కపెడితే నాగుపాములు జెర్రిపోతులతో పోటీగా వచ్చాయి, అవన్నీ దొంగసరుకే. ఆ లైసెన్సులు ఇక మళ్ళీ ఇవ్వలేదు. పాములకి మేలే జరిగింది. నాకే జరగలేదు.

ఆ రోజు మీటింగు అయ్యాక బయట సైకిలు స్టాండు దగ్గర నా భుజం మీద చెయ్యేశాడు. "ఏటి బావా, మొకం అలగెట్టినావు?"

"నేను చెప్పవలసింది నువ్వు చెప్పావు."

"నీ పేరే సెప్పినాను గదా?"

"చెప్పావు."

"మరింకేటి?"

మరింకేటి అంటే నేనేం చెప్పను? నా పేరు చెప్పాడు, నా ఆదివారం చెప్పాడు, ఒక్క ముక్క దాచుకోలేదు. దాచుకుని ఉంటే హాయిగా ద్వేషించి ఉండేవాణ్ణి. పేరు నాకు పెట్టి, చప్పట్లు తను పట్టుకుపోయాడు. అది కావాలని చేశాడా అంటే అదీ కాదు.

సైకిలు తాళం తీస్తూ అన్నాడు. "నువ్వు లేచి నా లెక్క తప్పంటే, ఇద్దరు మేస్టర్లు కొట్టుకుంతన్నారు అనుకుందురు బావా. మీరిద్దరూ తేల్చుకుని రండి అని ఆ పెద్దాయన మనల్ని పంపించీసి, ఆ సందులో లైసెన్సులు ఇచ్చీసును. నాను తప్పన్నాననుకో, ఇంకెవుడు కాదంటాడు?"

అది నిజం. నిజమైనందుకు ఇంకా మండింది. నేను నా గెలుపు గురించి ఆలోచిస్తుంటే అతను ఆ గదిలో కూర్చున్నంతసేపూ నాగుపాము గురించే ఆలోచించాడు. అది నాకు ఎందుకు రాదు? పుస్తకాలు అతని కంటే ఎక్కువే చదివాను.

ఉక్కునగరం క్వార్టర్లలోకి జనం దిగిన కొత్తలో అక్కడ పాముల బెడద ఎక్కువగా ఉండేది. తోటలూ పొలాలూ చదును చేసి కట్టారు, పాములెక్కడికి పోతాయి? బి షిఫ్టు నుంచి వచ్చినాయన స్కూటరు తీయబోతే చక్రంలో జెర్రిపోతు. కొందరు కంట్రాక్టు కూలీలు వాటిని కొట్టి చర్మాలు చాటుగా అమ్ముకుంటున్నారని తెలిసి అతను అక్కడే మకాం పెట్టినంత పని చేశాడు. సాయంత్రాలు సెక్టారు మైదానంలో ఇటుకల మీద కూర్చుని ఆ నిప్పంటుకున్న ఇంటి ప్రశ్నే అడిగేవాడు. జనం నగలన్నారు, సర్టిఫికెట్లన్నారు, టీవీ అన్నారు. ఒక ముసలావిడ, "మా మావ. పచ్చవాతం, లేవలేడు" అంది. అతను లేచి ఆవిడకి దణ్ణం పెట్టాడట. నేనా రోజు లేను. ఉంటే ఆ ముసలావిడని ముందే మాట్లాడించి పెట్టాడేమో అని అనుమానించి ఉండేవాణ్ణి.

ఒకసారి అతనికి జ్వరమొచ్చి నన్ను పంపారు. ఒక క్వార్టరు వంటగదిలో, గ్యాసు సిలిండరు వెనక, జెర్రిపోతు. కర్ర కొక్కెంతో పద్ధతి ప్రకారం, ఎవరికీ దెబ్బ తగలకుండా, పాముకీ తగలకుండా, గోనెసంచిలోకి దించాను. ఆ ఇంటావిడ సంచి వంక చూసి, "ఆ మేస్టారు రాలేదేటండీ?" అంది.

"జ్వరం."

"అయ్యో. ఆయనైతే దీనికి పేరెట్టీవోరండీ. పక్కోల్లింట్లో పట్టిందానికి సత్యవతి అని ఎట్టేరు. అది మళ్ళీ వత్తే ఏటీ అనకండి, మీ ఎలకల కోసం వత్తాది అన్నారు. ఆల్లు ఇప్పుడు సత్యవతి రాలేదేటని సూత్తన్నారు."

నేను పాముకి పేరు పెట్టలేదు. దాని లాటిన్ పేరు చెప్పాను. ఆవిడ మర్యాదకి తలాడించి మజ్జిగ ఇచ్చింది.

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. నాకు అది కూరతో ఆగలేదు. అతని నవ్వు, అతని మాట, తప్పు చేసినప్పుడు అతను నిలబడే తీరు, అన్నీ రుచిగానే కనిపించాయి. తప్పు చెయ్యడం కూడా అతనికి నా కంటే బాగా వచ్చు. నేను తప్పు చేస్తే మూడు రోజులు కారణాలు వెతుక్కుంటాను. అతను తప్పుని చేతిలో పట్టుకుని, ఇదిగోనండీ అని చూపించేవాడు, పట్టిన పాముని చూపించినట్టే. జనానికి భయం పోయేది.

సంతాప సభ కాలేజీ హాల్లోనే పెట్టారు. పోర్టు నుంచి వచ్చారు, ఉక్కునగరం నుంచి బస్సు వేసుకుని వచ్చారు, యారాడ నుంచి కొందరు బెస్తవాళ్ళు వచ్చారు. వలలో పడ్డ సముద్రపు పాముల్ని కొట్టకుండా తిరిగి వదలడం అతనే నేర్పాడట. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. నాకు తెలియని మనుషుల్ని కూడా అతను పోగేసుకున్నాడు. ఒక్కొక్కరూ లేచి, "నన్ను బావా అని పిలిచేవారండీ" అని చెప్పి కళ్ళు తుడుచుకున్నారు.

నా వంతు వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత మైకు నా చేతిలో ఉంది, మధ్యలో అందుకోవడానికి అతను లేడు. చెప్పేద్దామనుకున్నాను. "అతను చేసిన లెక్క ఒకటి శుద్ధ తప్పు" అని మొదలుపెట్టాను. హాలంతా తల పైకెత్తింది. కార్తీకం గురించి, గోపాలపట్నం గురించి, దండేల మీద చూసిన నాగుపాముల గురించి చెప్పాను. "ఆ తప్పు కనిపెట్టింది నేను" అన్నాను. ముందు వరసలో ఒకాయన కనుబొమలు ముడివేశాడు. చచ్చినవాడి సభలో ఇదేం మాట అన్నట్టుంది ఆ చూపు. నిజమేనని రుజువు చెయ్యాలి. నాకున్న సాక్షి ఒక్కడే. అందుకని, "నేను చెప్పడం కాదు, ఆ రోజు మీటింగులో అతనే లేచి చెప్పాడు, తప్పు నాది, కనిపెట్టింది మా బావ అని" అన్నాను. ముందు వరసాయన కనుబొమలు విడిపోయాయి. తర్వాత చప్పట్లు మొదలయ్యాయి. సంతాప సభలో చప్పట్లు కొట్టకూడదని కూడా మరిచిపోయి కొట్టారు, ఫొటో వైపు చూస్తూ.

దిగి వస్తుంటే యారాడ మనిషి ఒకాయన నా చెయ్యి పట్టుకుని, "అలాంటోడు మల్లీ పుట్టడు బావూ" అన్నాడు. గేటు దాటాక మా ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "అన్నయ్య గురించి ఎంత బాగా సెప్పేరండీ! మీరు కాక ఇంకెవులు సెప్పగలరు?"

నేను లేచింది నా గురించి చెప్పుకుందామని. నలుగురిలో నా పేరెత్తి మెచ్చుకునే పని ఇన్నేళ్ళూ అతనే చేశాడు, చేసిన ప్రతిసారీ నాకు కడుపు మండింది. ఇప్పుడు ఆ పని చేసేవాడు లేక నేనే చేసుకోబోతే, అదీ అతనికే చెందింది. ఇక నా గురించి ఎవరూ చెప్పరు.